బండి వింటాది

పాకాల కృష్ణమూర్తికి మిగతా నమ్మకాలు ఎన్ని ఉన్నాయో తెలియదు గానీ ఒక్కటి మాత్రం గట్టిగా ఉంది. కారుకు చెవులుంటాయని. దాని ముందర దాని గురించి చెడ్డమాట అనకూడదని.

ఇదేదో సరదాకి పట్టుకున్న పట్టు కాదు. టైరులో గాలి తగ్గిందని చెప్పాలన్నా ఆయన మనిషిని చెయ్యిపట్టుకుని గేటు బయటికి తీసుకుపోతాడు. క్లచ్చి సంగతైతే వీధి చివర బోరింగు దాకా నడిపిస్తాడు. ఇంజను సంగతైతే బోరింగు దాటి రైసుమిల్లు గోడ వరకు. ఇక బండిని అమ్మే మాట ఎవరైనా ఎత్తితే రైల్వే గేటు దాటాల్సిందే. గేటు పడి ఉంటే రైలు పోయేదాకా నోరు మూసుకుని నిలబడాల్సిందే. కృష్ణమూర్తి ఎవరినైనా వెంటబెట్టుకుని నడుస్తున్నాడంటే, ఎంత దూరం పోయాడో చూసి బండికొచ్చిన జబ్బేదో వీధిలోవాళ్ళు చెప్పేస్తారు.

"బోరింగు దాటినారు మే. ఈసారి పెద్దదే ఏదో వచ్చినట్టుండాది," అని ఎదురింటామె ముగ్గేస్తూ పక్కింటామెకు వార్త అందిస్తుంది.

ఎందుకిట్లా అని అడిగితే ఆయన దగ్గర ఒక కథ తయారుగా ఉంటుంది. ఒకసారి భాకరాపేట ఘాట్లో వస్తూ వస్తూ, "ఈ మామిడికాయల కాలం అయిపోనీ, దీన్ని ఎవరికో ఒకరికి అంటగట్టేస్తా" అన్నాడంట. అన్న నోరు మూయకముందే బండి ఆగిపోయిందంట. "ఒట్టప్పా. కట్టుకున్న పెండ్లాం కూడా అంత తొందరగా అలగదు," అంటాడు. నమ్మనివాళ్ళకు ఆ మలుపు చూపిస్తా రమ్మంటాడు. ఆ బండెక్కి ఘాట్ దాకా పోయే ధైర్యం ఎవరికీ లేక, నమ్మేస్తారు.

భార్య చెంగమ్మ మాత్రం నమ్మదు. "దానికి చెవులుండాయంట. నాకు లేవా? నా పులుసు గురించి నా ముందరే అంటాడు, అదీ చుట్టాలొచ్చినప్పుడు," అంటుంది. ఈ మాటకు కృష్ణమూర్తి దగ్గర కథేమీ లేదు.

ఆ బండికి వైద్యుడు ఏబెల్. కృష్ణమూర్తీ ఆయనా మిషన్ స్కూల్లో ఒకే బెంచీ. ఏబెల్ ఒకప్పుడు దామలచెరువు రోడ్డులో షెడ్డు నడిపాడు. శబ్దం వింటే చాలు, బానెట్ ఎత్తకుండానే రోగం చెప్పేవాడని పేరు. తర్వాత కంప్యూటరు తగిలిస్తే తప్ప తమ బాధ చెప్పుకోని కార్లు వచ్చాయి. షెడ్డు మూతపడింది. ఇప్పుడాయనకు మిగిలిన రోగి కృష్ణమూర్తి కారొక్కటే. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, సంగటి ముద్ద తిని, వాకిట్లో రేకుల కింద నిలబెట్టిన ఆ బండి అడుగుకు దూరితే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే బయటికొచ్చేది. పాకాలలో ఈ కాలం పిల్లలకు ఏబెల్ మొహం తెలియదు, కాళ్ళు తెలుసు. దారిన పోయేవాళ్ళు ఆ కాళ్ళకే చెప్పిపోతారు, "వస్తా ఏబెలన్నా" అని. కాళ్ళు ఊగుతాయి. ఒక కొరియరు పిల్లోడు సంతకం కూడా ఆ కాళ్ళనే అడిగాడు.

పైన ముక్కాలిపీట మీద కాఫీ గ్లాసుతో కృష్ణమూర్తి, కింద నేల మీద ఏబెల్, మధ్యలో బండి. దాని మీదుగా ఇద్దరూ పొద్దంతా మాట్లాడుకుంటారు. స్కూల్లో లెక్కల సారు కొట్టిన దెబ్బలు, ఈ ఏడు తోతాపురి కాపు, ఎవరి మోకాళ్ళు ఎంత నొప్పి. బండి సంగతి తప్ప అన్నీ వస్తాయి.

ఈ ఇంట్లోనే ఉంటున్నాడు కృష్ణమూర్తి అక్క కొడుకు ధర్మేంద్ర. ఇంజనీరింగు మూడో ఏడులో మానేశాడు. "చదువు నాకు పడలే" అని అడిగినవాళ్ళ మొహం మీదే చెప్పే రకం. ఆ తర్వాత ఏ పనిలోనూ నిలబడలేదు, దానికీ కారణం ఆ నోరే. ఫోన్ల షాపులో చేరి, "ఇది వద్దు సార్, వేడెక్కుతాది" అన్నాడు. హోటల్లో చేరి, "సాంబారు నిన్నటిది" అన్నాడు. ఇప్పుడు తిరుపతిలో ఒక కార్ల షోరూములో ఉన్నాడు. పొద్దున పోయి సాయంత్రం వస్తాడు. అక్కడి మేనేజరు జయచంద్ర ఓర్పుగల మనిషే గానీ, ఆ ఓర్పు కూడా అరిగిపోయింది.

"చూడు ధర్మేంద్రా. ఈ నెలాఖరు లోపల పాతబండి ఇచ్చి కొత్తబండి తీసుకునే మనిషిని ఒక్కణ్ణి తీసుకురా. తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తా. తేలేకపోతే నిజాలు చెప్పుకునేదానికి ఇంకో తావు వెతుక్కో."

ధర్మేంద్రకు వెతకాల్సిన పనే లేకపోయింది. జిల్లాలో పాతబండి అంటే మామదే.

ఆ రోజు పొద్దున్నే బానెట్ మీద చెయ్యేసి, "మామా, ఈ డొక్కుబండిని మా షోరూముకు ఇచ్చేసి..." అన్నాడో లేదో కృష్ణమూర్తి అరచేత్తో వాడి నోరు మూసేశాడు. బండి కింద రెంచీ జారి పడ్డ చప్పుడైంది.

"పద," అన్నాడు కృష్ణమూర్తి.

"యాడికి?"

"పద, చెప్తా."

బోరింగు దాటారు. రైసుమిల్లు గోడ దాటారు. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. ధర్మేంద్ర నోరు తెరవబోతే కృష్ణమూర్తి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు, ఆ చప్పుడులో కూడా తమ ఇంటి వాకిలి దాకా మాట పోతుందన్నట్టు. గేటు లేచాక అవతలికి పోయి చింతచెట్టు నీడలో నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పు."

"చెప్పేదేముంది మామా. అది అయిపోయింది. కొత్తది తీసుకో. పాతది మావోళ్ళే తీసుకుంటారు."

"తీసుకొని ఏం చేస్తారు?"

"ఎవురికన్నా అమ్ముతారు. కొనేవాడు లేకుంటే విప్పేస్తారు."

"విప్పేస్తారా," అని కృష్ణమూర్తి వెనక్కి, ఇంటివైపు చూశాడు. "చూస్తాంలే."

"చూస్తాంలే అంటే నా ఉద్యోగం పోతాది."

"పోతే ఇంకోటి వస్తాదిలేరా."

"నాకు రాదు. ఉండేవన్నీ అయిపోయినాయి."

కృష్ణమూర్తి వాడి భుజం మీద చెయ్యేశాడు. "అంత మాట అనుకోవద్దురా," అన్నాడు. రైల్వే గేటు దాటి వచ్చినా గొంతు తగ్గించే అన్నాడు.

ఆ వారంలోనే చెంగమ్మ చెల్లెలి కూతురు స్రవంతికి శ్రీకాళహస్తిలో నిశ్చితార్థం. ముహూర్తానికి ముందే పోదామని చెంగమ్మ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పండ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక సీట్లో ధర్మేంద్ర. రేణిగుంట దాటాక బండి ఒకసారి దగ్గింది, రెండుసార్లు వణికింది, ఆగింది.

"దిగండి," అన్నాడు కృష్ణమూర్తి, స్టీరింగ్ ఆయనే పట్టుకున్నాడు కాబట్టి.

ధర్మేంద్ర ఒకవైపు, చెంగమ్మ ఒకవైపు తోశారు. చెంగమ్మ ఒక చేత్తో కారు, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని తోసింది. పక్కన పోయే బస్సులోంచి ఎవరో చెయ్యి ఊపారు. "పట్టుచీర కట్టుకొని కారు తోసిన ఆడది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే. నాకు సన్మానం చేయించు," అంది మొగుడితో.

"మెల్లిగా మే. వింటాది."

"విననీ. నేనేం దాని మాదిరి ఆగిపోలేదు."

అంతలో కృష్ణమూర్తి ఏదో గుర్తొచ్చినట్టు నుదురు కొట్టుకున్నాడు. దిగి బానెట్ ఎత్తి, లోపల ఒక చోట చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. బండి మొదటి తిప్పుకే అందుకుంది. స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తెలియని మామకు ఈ విద్య ఎప్పుడొచ్చిందని ధర్మేంద్ర చూస్తూ ఉంటే, "దేవుడి దయరా," అన్నాడు ఆయన.

శ్రీకాళహస్తికి చేరేసరికి తాంబూలాలు అయిపోయాయి. చెంగమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా భోంచేసి, తిరిగొచ్చేటప్పుడు రైలెక్కింది. ఇంటికొచ్చాక ధర్మేంద్రను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "మీ షోరూములో ఏ బండి బాగుంటే అది రాసుకో. మీ మామ సంతకం నేను పెట్టిస్తా. పెట్టకుంటే ఇంక ఈ ఇంట్లో పులుసు లేదు."

కృష్ణమూర్తి ఆ పులుసును ఎంత తిట్టినా, అది లేకుండా ముద్ద దిగదు. షోరూముకు వస్తానన్నాడు. కానీ బస్సులో. "దాన్నే ఎక్కిపోయి దాని ముందరే ఇంకోదాన్ని చూడమంటావా? మనిషివేనా నువ్వు?"

షోరూములో అడుగుపెట్టి, తన బండి అక్కడికి చాలా దూరంలో ఉందని రూఢి చేసుకున్నాక, ఆయన మనసు విప్పాడు. అన్నాళ్ళుగా లోపల అణచిపెట్టుకున్నదంతా జయచంద్ర ముందర ఒక్కసారిగా పోసేశాడు. ఎండాకాలం హారన్ దానంతటదే మోగుతుందని, వానాకాలం కొట్టినా మోగదని. ఎడమ తలుపు తియ్యాలంటే ముందు కుడి తలుపు వెయ్యాలని. అద్దం దించితే పైకెత్తడానికి ఇద్దరు కావాలని, అందుకని వానొస్తే దారిలో ఎవరినో ఒకరిని ఎక్కించుకుంటానని. చెప్పి చెప్పి, మజ్జిగ తాగినంత చల్లగా కుర్చీలో వాలాడు. జయచంద్ర ధర్మేంద్ర వైపు చూసి తలూపాడు. బేరం కుదిరినట్టే.

"కూర్చొని చూడండి సార్," అని కొత్త కారు తలుపు తీశాడు.

కృష్ణమూర్తి చెప్పులు బయట విడిచి ఎక్కాడు. మెత్తగా ఉంది. చల్లగా ఉంది. ఆయన చెయ్యి స్టీరింగ్ మీద పెట్టగానే ఒక ఆడగొంతు, "దయచేసి సీటు బెల్టు పెట్టుకోండి," అంది.

"ఎవురది?"

"బండే మామా. మనం చెప్తే వింటాది కూడా. పాట పెట్టమను, పెడతాది."

"నిజంగానే వింటాదా?"

"నిజంగానే."

కృష్ణమూర్తి మెల్లిగా దిగి, చెప్పులేసుకుని, జయచంద్రను చెయ్యిపట్టుకుని షోరూము బయటికి, రోడ్డు దాటించి తీసుకుపోయి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగాడు.

అంతా బాగానే ఉంది. చివర్లో జయచంద్ర, "పాతబండిని ఒకసారి తీసుకొస్తే మావాళ్ళు చూస్తారు సార్," అన్నాడు. అంతే, కృష్ణమూర్తి మొహం వాడిపోయింది. "తేవాలా? అది వాకిట్లో లేకుంటే..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. తిరుగు బస్సులో చంద్రగిరి దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. "ఇంకొంచెం కాలం పోనీరా," అన్నాడు తర్వాత.

ధర్మేంద్ర దగ్గర కాలం లేదు. ఆదివారం ఏబెల్ చర్చికి పోయాడు. కృష్ణమూర్తి, కొడుక్కి అప్పజెప్పిన మామిడికాయల మండీని ఒకసారి చూసొస్తానని దామలచెరువుకు పోయాడు. చెంగమ్మ కారు తాళం ధర్మేంద్ర చేతిలో పెట్టి, "తొందరగా పోయిరా," అంది. తిరుపతి దాకా ఎన్ని చోట్ల తోయాల్సి వస్తుందోనని ధర్మేంద్ర ఇద్దరు స్నేహితులను కూడా ఎక్కించుకున్నాడు. వాళ్ళకు పని పడలేదు. పాటలు పాడుకుంటూ కూర్చున్నారు.

షోరూము మెకానిక్ మునిరత్నం బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. కిందా మీదా చూశాడు. వైర్లన్నీ బిగించి, స్టార్టు చేసి చెవి పెట్టి విన్నాడు.

"హారన్, తలుపులు, అద్దాలు అంటావా, అవి వయసుతో వచ్చేవి. ఇంజనుకు రోగమేమీ లేదప్పా."

"లేకపోవడమేందన్నా? వారంలో ఆరు రోజులు స్టార్టు కాదు."

"ఈ క్లిప్పులు చూడు. చేత్తో లాగి, మళ్ళీ పెట్టి, లాగి, మళ్ళీ పెట్టి వదులైపోయినాయి. ఎవురో కావాలనే పీకతా ఉండారు. మీ ఇంటిమీద ఎవురికన్నా పగ ఉండాదా?"

దారంతా ధర్మేంద్ర పగవాళ్ళ గురించి ఆలోచించాడు. మామకు పగవాళ్ళు లేరు. పగబట్టడానికి సరిపడా మనిషి కూడా కాదు ఆయన. ఎవరైనా సరే దొరకబుచ్చుకుందామని మర్నాడు తెల్లవారకముందే లేచి, వేపపుల్ల నోట్లో పెట్టుకుని నీళ్ళతొట్టి వెనక కూర్చున్నాడు.

కాసేపటికి మామ కాఫీ గ్లాసుతో వచ్చాడు. గ్లాసు ముక్కాలిపీట మీద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. బానెట్ ఎత్తి, ఒక వైరు లాగి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, పసిబిడ్డ మీద దుప్పటి కప్పినంత మెల్లిగా బానెట్ మూశాడు. తర్వాత పీట మీద కూర్చుని కాఫీ తాగాడు.

ఏబెల్ వచ్చాడు. "ఏమప్పా మూర్తీ, ఎట్లుండాది?"

"స్టార్టు కాలేదప్పా."

"కాదులే. మంచు పడింది కదా," అని ఏబెల్ గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. పీకిన వైరు పైనుంటే ఈయన కిందికెందుకు పోయాడో ధర్మేంద్రకు ఆ క్షణాన తట్టలేదు. వాడి కళ్ళన్నీ మామ మీదే ఉన్నాయి.

ఈసారి ధర్మేంద్రే మామ చెయ్యి పట్టుకున్నాడు. బోరింగు, రైసుమిల్లు, రైల్వే గేటు. చింతచెట్టు కింద ఆపి అడిగాడు. "నీ బండిని నువ్వే ఏంటికి చెడగొడతా ఉండావు మామా?"

కృష్ణమూర్తి పట్టాల వైపు తిరిగి చెప్పాడు.

"షెడ్డు మూసినాక వాడు పొద్దున్నే లేచి, ఉతికిన చొక్కా వేసుకొని పోయి, మూసిన తలుపు ముందర నిలబడేవాడురా. నేను చూసినా. పెండ్లాం ఎస్తేరమ్మ పోయినాక ఇంట్లో ఎవురూ లేరు కదా వాడికి. మా ఇంటికి రా, కూర్చుందాం అంటే రాడు. ఊరికే వచ్చి కూర్చునే మనిషి కాదు వాడు. పనుంటేనే వస్తాడు. అందుకని పని పెట్టినా."

"మరి రేణిగుంట కాడ ఆగింది?"

"పొద్దున రొంత వదులు చేసి పెట్టినా. నిశ్చితార్థం సంగతి మర్చిపోయినా. మీ అత్తకు చెప్పొద్దు."

"మరి బండికి చెవులుండేది?"

"దాని కింద ఎప్పుడూ ఎవురుంటారురా?" అన్నాడు కృష్ణమూర్తి. "అమ్మేస్తా అనే మాట వాడు ఆడ పండుకొని వినాల్నా?"

ధర్మేంద్రకు బోరింగు గుర్తొచ్చింది. చదువు మానేసి వచ్చిన కొత్తలో చుట్టాలెవరైనా, "ఏమిరా, కాలేజీ ఏమైంది?" అని మొదలుపెడితే మామ వాళ్ళను చెయ్యిపట్టుకుని బోరింగు వైపు తీసుకుపోయేవాడు. అక్కడికి పోయి తన మీద చాడీలు చెబుతున్నాడని అప్పట్లో వాడికి కోపం. అక్కడ మామ వాళ్ళకేం చెప్పాడో ఇప్పటికీ తెలియదు. తన ముందర మాత్రం ఎవరినీ ఒక్క మాట అననివ్వలేదు.

"ఏబెల్‌కు చెప్పనని కాణిపాకం మీద ఒట్టెయ్యి," అన్నాడు కృష్ణమూర్తి.

చిత్తూరు సీమలో ఇంక దాని మీద మాట లేదు. కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యమంటే దొంగ కూడా కోనేటి మెట్ల మీదే ఒప్పేసుకుంటాడని పేరు. ధర్మేంద్ర చదువు మానేశాడు గానీ భయం మానలేదు. ఒట్టేశాడు.

మర్నాడు వాడు వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే బండి కింది నుంచి గొంతు వినిపించింది. "ధర్మేంద్రా. వంగు."

వంగాడు. ఏబెల్ నల్లటి చేతులు గుండెల మీద పెట్టుకుని తీరిగ్గా పడుకుని ఉన్నాడు.

"ఆదివారం బండి యాడికి పోయొచ్చింది?"

"నీకెట్ల తెలుసు ఏబెల్ మామా?"

"వైర్లు బిగించి ఉండాయి. నేను అంత గట్టిగా పెట్టను. మూర్తి మళ్ళీ పీకాల కదా, వదులుగా పెడతా."

ధర్మేంద్ర నేల మీద చతికిలబడ్డాడు. "నీకు తెలుసా?"

"తెగిన వైరుకూ పీకిన వైరుకూ తేడా తెలీకుండానే షెడ్డు నడిపినానా?"

"మరి ఇన్నాళ్ళూ కింద పండుకొని ఏం చేస్తా ఉండావు?"

"ఏం చేస్తా. వైరు పెట్టేదెంత పని? పెట్టేస్తే ఇంటికి పోవాల. కింద పండుకుంటే మధ్యాహ్నం దాకా ఉండొచ్చు." ఏబెల్ గొంతు తగ్గించాడు. "మండీ కొడుక్కి ఇచ్చేసినాక వాణ్ణి ఎవురూ ఏమీ అడగడం లేదురా. కాయ ఎట్లుండాది, లారీ వచ్చిందా అని కూడా అడగరు. పాపం, నాతో మాట్లాడేదానికి పొద్దున్నే లేచి వైరు పీక్కుంటాడు. కాళహస్తిలో మా కూతురు కృపామణి రమ్మని ఒకటే పోరు. పిల్లోళ్ళు తాత తాత అంటారు. నాకూ పోవాలనే ఉండాది. నేను పోతే వీడు ఎవురితో మాట్లాడతాడు? దీన్ని ఎవురు చూస్తారు? ఈ బండిని ఒక్క మాట అననియ్యడే వాడు, ప్రాణం వాడికి."

"మామకు ఈ మాట చెప్పొచ్చు కదా."

"చెప్తే వాడికి ఎంత సిగ్గు? నువ్వూ చెప్పొద్దు. ఒట్టెయ్యి. బైబిలు మీద వద్దు, నువ్వు నా దేవుడికి భయపడవు. మీ కాణిపాకం మీదే వెయ్యి."

ఆ రోజు ధర్మేంద్ర షోరూముకు పోలేదు. పాకాల జంక్షన్లో సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. కాట్పాడి వైపు ఒక బండి పోయింది, తిరుపతి వైపు ఒక బండి పోయింది. ఎప్పుడూ ఉన్నదున్నట్టు చెప్పి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాడికి, మొదటిసారి చెబితే నలుగురికి మేలు చేసే నిజం దొరికింది. అది చెప్పడానికి లేదు. ఒకాయన తన నడుము అరగదీసుకుంటున్నాడు, ఇంకొకాయన తన బండిని. ఇద్దరూ రెండోవాడి కోసమే అనుకుంటున్నారు. నెల అయిపోవస్తోంది, ఉద్యోగం పోతుంది, అది వేరే. కృపామణి పిల్లలు తాత కోసం చూస్తున్నారు, చెంగమ్మ అత్త పులుసు ఆపేసింది. ఇద్దరు మంచివాళ్ళు కలిస్తే ఇంతమందికి ఇబ్బందా అని వాడికి నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. మామకు చెప్పనని ఒట్టు. ఏబెల్‌కు చెప్పనని ఒట్టు. ఇంకెవరున్నారు?

ఉన్నారు. వాడు బల్ల మీద నుంచి లేచాడు.

వాకిట్లోకి వచ్చేసరికి ఏబెల్ కాళ్ళు బండి కిందనుంచి బయటికి ఉన్నాయి. కృష్ణమూర్తి పీట మీద ఉన్నాడు. ధర్మేంద్ర నేరుగా పోయి కారు ముందర, దీపాల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇదిగో బండీ. నీతోనే చెప్తా ఉండా, విను. నీకు ఏ రోగమూ లేదు."

కృష్ణమూర్తి గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "రేయ్. లెయ్. బోరింగు కాడికి పోదాం పద."

"నీకు చెప్పడం లేదు మామా. నీకూ చెప్పను, ఏబెల్ మామకూ చెప్పను, ఒట్టేసినా. దీని మీద ఎవురూ ఒట్టు వేయించుకోలేదు." మళ్ళీ కారువైపు తిరిగాడు. "మా మామ రోజూ పొద్దున్నే నీ వైరు పీకుతా ఉండాడు. ఏంటికో తెలుసునా? నీ కింద పండుకొనే ఆయనకు షెడ్డు మూసినాక పొద్దుపోక, మూసిన తలుపు ముందర నిలబడతా ఉంటే చూడలేక. కింద ఉండే ఆయనకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. అయినా కూతురింటికి పోకుండా నీ కిందికి దూరతా ఉండాడు. ఏంటికో తెలుసునా? మండీ ఇచ్చేసినాక మామను ఎవురూ పలకరించడం లేదని. నీకు చెవులుంటే విన్నావు కదా. నా పని అయిపోయింది."

బండి కింద కాళ్ళు కదిలాయి. కాళ్ళ తర్వాత నడుము, నడుము తర్వాత చొక్కా, చివరికి ఏబెల్ మొహం బయటికొచ్చింది. లేచి కూర్చుని కృష్ణమూర్తిని చూశాడు.

"నాకోసం మంచి బండిని చెడగొట్టినావా?"

"నాకోసం మంచి బండి కింద పండుకున్నావా?"

"నడుము పట్టేసింది నాకు. కృపామణి పంపిన నూనె అంతా దానికే అయిపోయింది."

"నీకు నడుమే పోయింది. నాకు పులుసు పోయింది."

"పొద్దుపోకుంటే పొద్దుపోవడం లేదని చెప్పొచ్చు కదప్పా."

"నువ్వు చెప్పినావా?"

వంటింటి కిటికీలోంచి చెంగమ్మ గొంతు వచ్చింది. "పట్టుచీర కట్టుకొని తోసింది నేను. మీరిద్దరూ గమ్మునుండండి. ఒరే ధర్మేంద్రా, రేణిగుంట కాడ కూడా ఈయన పీకిన వైరేనా?"

ధర్మేంద్ర మామ వైపు చూశాడు. ఆ సంగతికి ఒట్టేమీ లేదు. అయినా ఆ ఒక్క నిజం మింగేశాడు. "అది దానంతటదే ఊడింది అత్తా," అన్నాడు. జీవితంలో వాడు చెప్పిన మొదటి అబద్ధం బాగానే నిలబడింది.

ఏబెల్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ఇచ్చెయ్యప్పా దీన్ని. నేను కాళహస్తికి పోతా."

కృష్ణమూర్తి బండి బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "పో. నేనేం వద్దన్నానా," అన్నాడు.

"నువ్వేమో ఆగకుండా పోయే బండి కొనుక్కో. పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరినావంటే పదిగంటలకంతా కృపామణి ఇంట్లో ఉంటావు. పొద్దు గూకేలోపల మళ్ళీ పాకాలలో ఉంటావు. దీంట్లో అయితే వచ్చేలోపల పండగ అయిపోతాది." ఏబెల్ కారు ముందరే, గొంతు తగ్గించకుండా అన్నాడు.

కృష్ణమూర్తి ఆలోచించాడు. "వారానికొకసారి వచ్చినా?"

"రెండుసార్లు రా."

నెలాఖరుకు ముందు జయచంద్ర చేతికి పాత తాళాలు అందాయి. కొనేవాడు ఎవరైనా వస్తే ఈ బండి గురించి ఏం చెప్పాలని ఆయన అడిగితే, "ఉండేదే చెప్తా సార్. మంచి బండి. అద్దాలు మాత్రం దించొద్దంటా," అన్నాడు ధర్మేంద్ర. ఆ వారంలోనే ఎవరో కొనుక్కుపోయారు కూడా. ఆ తర్వాత జయచంద్ర ఇంక వాణ్ణి నోరు మూసుకొమ్మని అనలేదు.

ఏబెల్‌ను కూతురింట్లో దించడానికి కొత్త కారులో అందరూ బయల్దేరారు. ముందర ఇద్దరు పెద్దాళ్ళు, వెనక చెంగమ్మ, ధర్మేంద్ర, ఏబెల్ ట్రంకుపెట్టె. బండి నీళ్ళ మీద పడవలా పోతోంది. చంద్రగిరి కోట వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. రేణిగుంట దాటారు. ఎవరూ మాట్లాడటం లేదు. చల్లటి గాలి, అద్దాలు బిగించి ఉన్నాయి, లోపల ఒకరి మొహం ఒకరికి కొత్తగా ఉంది.

"ఏమీ కాలేదే," అన్నాడు ఏబెల్ కాసేపటికి.

"కాదు. కొత్తది కదా," అన్నాడు కృష్ణమూర్తి.

ఇంకొంత దూరం పోయారు. ఏర్పేడు దగ్గర పడుతుండగా కృష్ణమూర్తి బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇద్దరూ దిగారు. బానెట్ ఎక్కడ నొక్కితే లేస్తుందో తెలియక కొంత తడుముకుని, చివరికి ఎత్తారు. లోపలంతా నల్లటి ప్లాస్టిక్ మూత. వైరన్నది కంటికి కనపడదు. ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని, బావిలోకి చూసినట్టు తొంగిచూశారు.

"ఏమీ కనపడదే."

"కనపడకుంటే ఏమప్పా. నిలబడు." కృష్ణమూర్తి రోడ్డుపక్క గట్టుకు ఆనుకున్నాడు. "ఆ లెక్కల సారు పేరేంది, నిన్నటినుంచి గుర్తు రావడం లేదు."

ఏబెల్ కూడా ఆనుకున్నాడు. మాటలు మొదలయ్యాయి. మోటారుసైకిలు మీద పోయే ఒకాయన ఆగి, "ఏమైంది పెద్దాయనా, కొత్త బండేనే?" అని అడిగితే ఇద్దరూ చెయ్యి ఊపి పంపించేశారు. ధర్మేంద్ర దిగబోతే చెంగమ్మ వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఫోను మోగింది. కృపామణి.

"వస్తా ఉండాం అమ్మా. రొంత ఆలస్యమవుతాది," అంది చెంగమ్మ, అద్దంలోంచి ఆ ఇద్దరినీ చూస్తూ. "బండి బాగానే ఉండాది. మొగోళ్ళే ఆగినారు."